కదిలితే వెలిగే దీపం: ట్యూబులైటుకు సరిపడుతుందా?

(స్త్రీల కార్యక్రమంలో ప్రసంగ పాఠం)



చెప్పిన మాట కాసేపటికి గాని ఎక్కని మనిషిని చూసి, "వాడొట్టి ట్యూబులైటు" అని నవ్వుకోవడం మన తెలుగువాళ్ళకు అలవాటు. స్విచ్చి వేయగానే వెలగకుండా, రెండు మూడుసార్లు మిణుకు మిణుకుమని, ఆలోచించి ఆలోచించి ఆనక వెలిగే ఆ దీపాన్ని చూసే ఈ మాట పుట్టింది. అటువంటి ట్యూబులైటుకే ఇప్పుడు కొత్త రకం స్విచ్చి తగిలిస్తామంటున్నారు. మనిషి కదిలితే దీపం దానంతటదే వెలుగుతుందట, మనిషి లేకపోతే దానంతటదే ఆరిపోతుందట. సెల్‌ఫోనులో వేలితో తాకితే వేరే ఊరినుంచి కూడా వెలిగించవచ్చునట. ఇది మన ఇళ్ళకు ఎంతవరకు పనికివస్తుంది, ఎక్కడ పెట్టుకోవాలి, ఎక్కడ పెట్టుకోకూడదు అన్న సంగతి ఈ వేళ ముచ్చటించుకుందాం.

మన అలంపురం వంటి ఊళ్ళలో ఇళ్ళ తీరు మీకు తెలిసిందే. ముందు వసారా, నడిమిల్లు, వెనక వంటిల్లు, దాని వెనక పెరడు. పాత ఇళ్ళలో స్నానాలగది, మరుగుదొడ్డి పెరట్లో ఓ మూలన ఉంటాయి. వయసు మళ్ళిన అత్తమ్మ రాత్రి రెండింటికి లేచిందనుకోండి. ఇంటిల్లిపాదీ నిద్రలో ఉంటారు. ఎవరినీ లేపడం ఇష్టం లేక, గోడ తడుముకుంటూ, గడప దాటి, రెండు మెట్లు దిగి అక్కడికి వెళ్ళాలి. స్విచ్చి చూస్తే ఎక్కడో తలుపు వెనక. కాలు జారితే తుంటి ఎముక విరుగుతుంది. ఆ వయసులో విరిగిన ఎముక మనిషిని మంచాన పడేస్తుంది, ఇంట్లో అందరినీ కుంగదీస్తుంది. వానాకాలమైతే తేలో, పామో అడ్డం రావచ్చు. కదిలితే వెలిగే దీపం గురించి నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఈ గడప గురించే. కరెంటు బిల్లు ఆదా సంగతి ఆ తర్వాతిది.

ఈ కొత్త స్విచ్చులు చాలా ఇళ్ళకు పిల్లల చేతుల మీదుగానే వస్తున్నాయి. హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో ఉద్యోగం చేస్తున్న కొడుకు ఫోను చేసి, "అమ్మా, నాలుగు స్విచ్చులు పంపిస్తున్నా, ఇంక నువ్వు మంచం మీదినుంచి లేవనక్కర్లేదు" అంటాడు. "మంచిదే నాయనా, మనింట్లో ఉన్నవన్నీ ట్యూబులైట్లు గదా, వాటికి పనికొస్తాయా?" అని ఆ తల్లి అడిగిందనుకోండి, అది ఎంతో తెలివైన ప్రశ్న. దానికి జవాబు తెలియాలంటే ట్యూబులైటు లోపల ఏం జరుగుతుందో కాస్త తెలియాలి.

ట్యూబు అంటే రెండు కొసలా మూసిన గాజు గొట్టం. అందులో ఆర్గాన్ వాయువు, చిటికెడులో చిటికెడంత పాదరసం ఉంటాయి. రెండు కొసల్లోనూ సన్నని తీగచుట్టలుంటాయి. వాటికొక పూత పూసి ఉంటుంది. స్విచ్చి వేస్తే ముందు ఆ తీగలు వేడెక్కాలి. ఆ పని చేయించేది స్టార్టరు. తీగలు వేడెక్కాక చోకు ఒక్కసారి గట్టిగా తోస్తే, గొట్టంలో ఈ కొసనుంచి ఆ కొసకు కరెంటు పారుతుంది. పాదరసం ఆవిరి కంటికి కనపడని అతినీలలోహిత కిరణాలను వెదజల్లుతుంది. గాజు లోపల పూసిన తెల్లని పొడి ఆ కిరణాలను తాగి, మనకు వెలుతురునిస్తుంది. ఆ తర్వాత కరెంటు మితిమీరి పారకుండా అదుపులో పెట్టేది కూడా చోకే.

ఇందులో మనం గుర్తుంచుకోవలసింది ఒక్కటే. వెలిగించిన ప్రతిసారీ ఆ తీగల మీది పూత కొంచెం రాలిపోతుంది. పాత ట్యూబుల కొసలు నల్లబడి ఉండడం మీరు చూసే ఉంటారు. అది అలా రాలిన పదార్థమే. పూత అంతా అయిపోతే ట్యూబు పని అయిపోయినట్లే. అంటే ట్యూబు ఆయుష్షును తినేది వెలిగి ఉండటం కన్నా, మాటిమాటికీ ఆర్పి వెలిగించడమే. తయారుచేసేవారు ట్యూబు ఇన్ని గంటలు మన్నుతుందని చెప్పేటప్పుడు దాన్ని మూడేసి గంటల చొప్పున పరీక్షిస్తారు. రెండు గంటల ముప్పావు వెలిగించి ఉంచి, పావుగంట ఆర్పుతారు. మళ్ళీ అంతే. నడవాలో కదలికకు వెలిగే స్విచ్చి పెడితే దీపం రోజుకు ముప్పైసార్లు వెలగవచ్చు, నలభైసార్లు వెలగవచ్చు. పెట్టె మీద వ్రాసిన ఆయుష్షు అక్కడ వర్తించదు. ఎలక్ట్రానిక్ చోకుల్లో కొన్ని తీగను ముందుగా వేడిచేసి, నెమ్మదిగా వెలిగిస్తాయి. వాటితో నష్టం తక్కువ. వేడిచేయకుండా ఒక్కసారిగా వెలిగించే చోకులతో మాత్రం పూత మరీ త్వరగా పోతుంది.

మరి ఒక చిక్కు ఉంది. మన అత్తమ్మ గడప దాటే సమయానికే వెలుతురు కావాలి. స్టార్టరు ఉన్న పాత ట్యూబు మిణుకు మిణుకుమని వెలిగేలోపల ఆమె రెండు మెట్లూ దిగి ఉంటుంది. ఓల్టేజి తగ్గిన రాత్రయితే ఇంకా ఆలస్యం, ఒక్కోసారి వెలగనే వెలగదు. అంటే ఏ పనికోసం సెన్సరు పెట్టుకున్నామో ఆ పనే జరగదు.

మూడో చిక్కు స్విచ్చిబోర్డులో ఉంది. మన ఇళ్ళ వైరింగులో స్విచ్చికి మామూలుగా ఫేజు తీగ ఒక్కటే వచ్చి, అదే మళ్ళీ దీపానికి వెళుతుంది. న్యూట్రల్ తీగ పైనుంచి పైకే దీపానికి పోతుంది. ఫోనుతో పనిచేసే స్విచ్చికైనా, సెన్సరుకైనా, దీపం ఆరి ఉన్నప్పుడు కూడా కొంచెం కరెంటు కావాలి. అది మేలుకొని ఉంటేనే కదా మనం కదిలిన సంగతి తెలుసుకునేది! న్యూట్రల్ లేని చోట పెట్టే రెండు తీగల రకం, ఆ కొంచెం కరెంటును దీపంగుండానే లాగుతుంది. పాతకాలపు గుండ్రటి బల్బుకు అది ఒక లెక్క కాదు. కాని సి.ఎఫ్.ఎల్. బల్బులోను, ఎలక్ట్రానిక్ చోకులోను ఆ కొంచెమే బొట్టుబొట్టుగా నిండి, కాసేపటికొకసారి దీపం తళుక్కుమంటుంది. స్విచ్చి ఆర్పి పడుకున్నా రాత్రంతా మెరుపులే! దయ్యం పట్టిందేమోనని పిల్లలు భయపడవలసిన పని లేదు. అది స్విచ్చికీ దీపానికీ కుదరని జోడీ, అంతే. అందుకని ఫేజు, న్యూట్రల్, దీపానికి వెళ్ళే తీగ, మూడూ ఉన్న రకమే తీసుకోవాలి. ప్లగ్గు ఉన్న బోర్డులోకి న్యూట్రల్ వచ్చి ఉంటుంది కాబట్టి, వైర్‌మన్‌తో చెప్పి అక్కడినుంచి లాగించుకోవచ్చు.

చోకు సంగతి ఇంకొకటి చెప్పాలి. రాగితీగ చుట్టిన బరువైన చోకును ఆర్పినప్పుడు అది ఊరికే ఊరుకోదు. ఎదురు తోపు తోస్తుంది. ఆ తోపుకు స్విచ్చి లోపల చిన్న నిప్పురవ్వ పుడుతుంది. చేత్తో నొక్కే స్విచ్చి దానికి తట్టుకుంటుంది. సున్నితమైన ఎలక్ట్రానిక్ స్విచ్చిలో అయితే లోపలి భాగాలు మాడిపోవచ్చు, లేదా అతుక్కుపోయి దీపం ఇక ఆరనే ఆరకపోవచ్చు. అందుచేత కొనేముందు పెట్టె మీద ట్యూబులైట్లకు ఎన్ని వాట్ల వరకు పనికివస్తుందో విడిగా వ్రాసి ఉందేమో చూడండి. మామూలు బల్బులకు ఇచ్చిన లెక్క ట్యూబులకు చెల్లదు. వెలుతురు తగ్గించి పెంచే డిమ్మరు స్విచ్చిని మామూలు ట్యూబులైటుకు అసలే తగిలించరాదు.

ఇక సెన్సరు మనిషిని ఎలా కనిపెడుతుంది? మన ఒంటినుంచి వేడి కిరణాలు వస్తుంటాయి. వాటిని పరారుణ కిరణాలంటారు. గోడ చల్లదనానికీ మన ఒంటి వెచ్చదనానికీ ఉన్న తేడా అటునుంచి ఇటు కదిలితే సెన్సరు గుర్తిస్తుంది. మనిషి ఉన్నాడా అన్నది దానికి పట్టదు, కదిలాడా అన్నదే దాని లెక్క. చేతిలో పుస్తకం పట్టుకొని కదలకుండా చదువుకునే పిల్ల దాని దృష్టిలో లేనట్లే. పరీక్షల రోజుల్లో ఆ పిల్ల మధ్యమధ్య చేతులూపుకుంటూ చదువుకోవాలంటే ఎంత విసుగు! పిల్లి వచ్చినా, కుక్క వచ్చినా దీపం వెలుగుతుంది. మనకు ఇంకొక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. మన వైపు ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటడం మామూలే. గోడా, గాలీ మన ఒంటి వేడికి దగ్గరగా వచ్చినప్పుడు ఆ తేడా తగ్గిపోతుంది. చలికాలంలో ఆరడుగుల దూరంనుంచే కనిపెట్టిన సెన్సరు, వైశాఖమాసం రాత్రి దగ్గరికి వెళితే గాని కనిపెట్టకపోవచ్చు. కాబట్టి దాన్ని గడపకు దగ్గరగా, మనిషి దానికి ఎదురుగా కాక అడ్డంగా నడిచే చోట బిగించాలి. మైక్రోవేవ్ రకం సెన్సర్లు కూడా ఉన్నాయి. అవి వేడిమీద ఆధారపడవు గాని, తిరిగే సీలింగు ఫ్యానుకూ, పలచని గోడ అవతల నడిచే మనిషికీ కూడా వెలుగుతాయి.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఇంటి లెక్కలు మనకు కొత్త కాదు గదా! పాత ట్యూబు, రాగి చోకు కలిపి సుమారు 50 వాట్లు తీసుకుంటాయనుకుందాం. పెరటి దీపంగా రాత్రి పది గంటలు వెలిగితే అర యూనిట్టు, నెలకు 15 యూనిట్లు. దాని స్థానంలో 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు పెట్టి, ఏ సెన్సరూ లేకుండా అలాగే రాత్రంతా వెలగనిస్తే నెలకు 2.7 యూనిట్లు. అంటే బల్బు మార్చినందువల్లనే 12 యూనిట్లకు పైగా మిగిలాయి. ఆ బల్బుకు సెన్సరు పెట్టి, మొత్తం మీద గంటసేపే వెలిగిందనుకోండి, పావు యూనిట్టు కొంచెం దాటుతుంది. సెన్సరు తాను మేలుకొని ఉండడానికి అర వాటు తింటుందనుకున్నా, నెలకు 0.36 యూనిట్టు. రెండూ కలిపితే 0.63. కాబట్టి సెన్సరు మిగిల్చింది రెండు యూనిట్లు, దీపం మార్చడం మిగిల్చింది పన్నెండు. ఆదా కావాలంటే మార్చవలసింది ముందు దీపాన్ని, స్విచ్చిని కాదు. సెన్సరు మనకిచ్చేది ముఖ్యంగా భద్రత. చాలా ఇళ్ళలో రాత్రంతా వెలిగే పాత సున్నా బల్బు కూడా పేరుకే సున్నా. అది 12 నుంచి 15 వాట్ల దాకా తినేస్తుంది.

పెద్ద ఊళ్ళు చేసిన పని కూడా ఇదే వరసలో ఉంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని కుదిపేసినప్పుడు వీధిదీపాలు కూలిపోయాయి. ఆ తర్వాత అక్కడ దాదాపు 90 వేల దీపాలను ఎల్.ఇ.డి.లుగా మార్చారు. 2015 జనవరి 5న ఇళ్ళలో ఎల్.ఇ.డి. బల్బులకోసం ఉజాలా పథకమూ, వీధిదీపాలకోసం జాతీయ కార్యక్రమమూ దేశమంతటికీ వచ్చాయి. హైదరాబాదులోనూ లక్షల వీధిదీపాలు మారాయి. దీపాలు మార్చి, వాటిని చీకటి పడగానే వెలిగించి తెల్లవారగానే ఆర్పే పెట్టెలు బిగించారు. పట్టపగలు వీధిలో ట్యూబులైట్లు వెలుగుతుంటే, "ఆర్పేవాడు లేడా?" అని మనం ఎన్నిసార్లు అనుకోలేదు! ఊరికి పనికివచ్చిన ఈ వరస ఇంటికీ పనికివస్తుంది.

అయితే ఏ గదికి ఏది? నడిమింట్లోను, పిల్లలు చదువుకునే చోట, వంటింట్లోను గంటల తరబడి వెలుతురు కావాలి. అక్కడ చేత్తో నొక్కే మామూలు స్విచ్చే మేలు. కాగుతున్న నూనె ముందు నిలబడి ఉండగా దీపం ఆరిపోతే ఎంత ప్రమాదమో ఆలోచించండి. మగ్గం ఉన్న ఇంట్లో సెన్సరు పేరెత్తకండి. రాజోలిలో, గద్వాలలో నేతపని చేసే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. గద్వాల చీరకు నూలు ఒంటికి పట్టు అంచు కలిపేటప్పుడు కంటికి ఎంత పనో వాళ్ళకే తెలుసు. కండెలు చుట్టే ఆడవాళ్ళు ఒకేచోట కూర్చుని చేతులు మాత్రమే ఆడిస్తారు. నడుమ చీకటైతే పోగు తెగుతుంది. అక్కడ కావలసింది నిలకడైన వెలుతురు. రంగులు ఉన్నవి ఉన్నట్లు కనిపించాలంటే ఎల్.ఇ.డి. పెట్టె మీద సి.ఆర్.ఐ. అనే అంకె చూడండి. అది 90కి దగ్గరగా ఉంటే ఎరుపుకూ మెరూనుకూ తేడా బాగా తెలుస్తుంది.

సెన్సరు పెట్టవలసినవి పెరటి గడప, మెట్లు, నడవా, మరుగుదొడ్డి, సామాన్ల గది. చేతినిండా బరువుతో వెళ్ళే చోటు, నిద్రకళ్ళతో నడిచే చోటు అని గుర్తుపెట్టుకోండి. అక్కడ ట్యూబు కాకుండా ఎల్.ఇ.డి. బల్బు ఉండాలి. అది వెంటనే వెలుగుతుంది, మాటిమాటికీ ఆర్పి వెలిగించినా ట్యూబులాగా అరిగిపోదు. సెన్సరు మీద మామూలుగా మూడు చిన్న మరలుంటాయి. ఒకటి ఎంతసేపు వెలగాలో చెప్పేది. మరుగుదొడ్డికి ఐదారు నిమిషాలన్నా పెట్టండి, లోపల ఉన్న పెద్దావిడ చీకట్లో చిక్కుకోకూడదు. రెండోది చీకటి పడ్డాకే వెలగమని చెప్పేది. మూడోది ఎంత దూరంనుంచి కనిపెట్టాలో చెప్పేది. ఇప్పటికే ట్యూబుకు సెన్సరు బిగించి ఉన్న ఇళ్ళవారు, మొదటి మరను పావుగంటకు తక్కువ కాకుండా తిప్పించండి. ట్యూబు కొంతకాలం ఎక్కువ మన్నుతుంది.

ఇంకా కొన్ని జాగ్రత్తలు. అమెరికానుంచి తెచ్చిన స్విచ్చి చాలావరకు అక్కడి 120 ఓల్టులకు చేసినది. మన కరెంటు 230 ఓల్టులు. దాని మీద 230 అని స్పష్టంగా లేకపోతే, కొడుకు ఎంత ప్రేమగా తెచ్చినా బిగించవద్దు. ఫోను స్విచ్చి ఏదైనా చేత్తో నొక్కితే కూడా పనిచేయాలి. ఇంటర్నెట్టు లేని రోజు ఇల్లు చీకటి కారాదు. కరెంటు పోయి వచ్చాక దీపాలన్నీ వాటంతటవే వెలుగుతాయో, ఆరి ఉంటాయో ముందే అడిగి తెలుసుకోండి. పాత ట్యూబు పట్టీలో ఎల్.ఇ.డి. ట్యూబు వేయించాలంటే చోకు, స్టార్టరు తీసివేసి వైరింగు మార్చవలసి రావచ్చు. ఒక కొస బిగించేసరికి రెండో కొసలో షాకు కొట్టే రకాలు కూడా ఉన్నాయి. అందుకని మెయిను ఆర్పి వైర్‌మన్ చేతనే చేయించండి. 2009 అక్టోబరులో తుంగభద్ర ఊళ్ళోకి వచ్చినప్పుడు మన ఇళ్ళ గోడలు ఎలా నానాయో ఎవరూ మరచిపోలేదు. నీళ్ళు తగిలిన బోర్డును, చెమ్మ దిగే గోడను పరీక్ష చేయించకుండా కొత్త స్విచ్చి జోలికి పోవద్దు.

బాగున్న ట్యూబును ఈ రోజే తీసి పారేయండని నేను చెప్పడం లేదు. నడిమింట్లో ఉన్నదాన్ని దాని ఆయుష్షు తీరేదాకా వాడుకోండి, పోయిన రోజున ఎల్.ఇ.డి. తెచ్చుకోండి. లోకమంతా అటే నడుస్తోంది. పాదరసంవల్ల జపానులో మినమాటా అనే చోట చేపలు తిన్నవాళ్ళకు భయంకరమైన జబ్బు వచ్చినట్లు 1956లో బయటపడింది. ఆ ఊరి పేరునే 2013లో ఎన్నో దేశాలు ఒక ఒప్పందం చేసుకున్నాయి. మన దేశం 2018లో అందులో చేరింది. 2023లో జెనీవాలో జరిగిన సమావేశంలో, పొడవాటి ట్యూబులైట్ల తయారీని, ఎగుమతి దిగుమతులను 2027 ఆఖరుకల్లా మానాలని నిర్ణయించారు. ఒక్కొక్క ట్యూబులో ఉండే పాదరసం కొద్ది మిల్లీగ్రాములే. వేలకొద్దీ ట్యూబులు చెత్తకుప్పలకు, వాగులకు చేరితే అది కొద్ది కాదు. తుంగభద్ర చేపలు మన ఇళ్ళకే వస్తాయి కదా!

ట్యూబు పగిలితే కంగారు వద్దు. ముందు పిల్లలను బయటికి పంపి, ఫ్యాను ఆపి, కిటికీలు తెరవండి. కాసేపాగి, చీపురుతో ఊడ్చకుండా, గట్టి అట్టముక్కతో పెంకులు ఎత్తి మూత ఉన్న డబ్బాలో వేయండి. సన్నని పొడిని తడిగుడ్డతో అద్ది, ఆ గుడ్డను కూడా అందులోనే పడేయండి. పోయిన ట్యూబులను పగలగొట్టకుండా అట్టపెట్టెలో నిలబెట్టి ఉంచి, పాత ఎలక్ట్రానిక్ సామాను తీసుకునేవారికి విడిగా ఇవ్వండి. నది ఒడ్డున మాత్రం పారేయవద్దు.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమని మన పెద్దలు చెప్పారు. ఇంట్లో ఏ దీపం ఎవరికోసం వెలుగుతోందో ఒక్కసారి చూసుకుని, దానికి తగిన స్విచ్చి పెట్టుకుంటే చాలు. ఇంటినిండా కొత్త స్విచ్చులు అక్కర్లేదు. పెరటి గడప దగ్గర ఒక చిన్న ఎల్.ఇ.డి. బల్బు, దానికొక సెన్సరు. ముందు ఆ ఒక్కటీ పెట్టించండి. ఈ రాత్రి మీ అత్తమ్మనో, అమ్మనో అడగండి, ఎక్కడ చీకటికి భయమేస్తోందని. ఆవిడ చూపించిన చోటే దానికి సరైన చోటు.